తడి ఉన్నంత ఎత్తు

అందరు కుక్కర్ విజిల్ అనుకుంటరు.
కాదు.
విజిల్ అన్నం ఉడికిందని చెప్తది.
నా వాల్వు నోరు తెరిచిందంటే
ఎక్కడో ఉడకరానిది ఉడుకుతున్నట్టు.

జుబైల్‌ల, వాల్వ్ షాపుల, కిటికీ లేని మూలకు
పదకొండేండ్ల సంది నాది ఒకటే పని.
స్ప్రింగు మీది బోల్టు తిప్పుకుంట
ఎంత బరువు దాకా ఓర్చుకోవాల్నో
ఇనుముకు నేర్పిస్త.
పదిహేడున్నర బార్.
పదహారుకే తెరిస్తే పిరికిది,
ఇరవైకి తెరిస్తే
ఆ మాట షాపుల ఎవరం అనం.
ఆఖరుకు తీగ చుట్టి సీసం ముద్ర కొడ్త.
ముద్ర మీద జి.ఎన్., గంగనర్సు.
ఈ దేశంల నా పేరున్నది రెండు చోట్ల,
అకామా మీద, ఆ సీసం మీద.

ఆగస్టు, రాత్రి రెండు గంటలు.
ఉక్కకు గోడలే చెమటలు కక్కుతున్నయి.
పంపు సీలు కారి
ప్రొపేన్ డ్రమ్ము కడుపు కింద మంట లేచింది.
మమ్ముల గేటు కాడ నిలబెట్టి
నంబర్లు పిలుస్తున్నరు.
నా నంబరుకు చెయ్యి లేపిన,
అప్పుడే అది లేచింది.
కొస లేని గుడ్డను ఎవరో చింపుతున్నట్టు.
రోడెల్ నా దిక్కు చూసిండు, నీదేనా అని.
రూము బయట నలభై జతలల్ల
నా చెప్పులు గుర్తువట్టినట్టు గుర్తువట్టిన.
నాదే.

సంబరం కాలేదు.
వాల్వు ప్రెషర్‌ను ఆపుతది,
వేడిని ఆపదు.
నిండుకుండ తొణకదంటరు కద,
మంట మీద ఆ మాటకు కొలత ఉంటది.
లోపల ద్రవం ఎంత ఎత్తుంటే
అంత ఎత్తు వరకు గోడకు భయం లేదు,
వచ్చిన వేడంత మరుగుటానికే ఖర్చయితది.
ఆ పైన, ఉత్త ఆవిరున్న కాడ,
గోడ ఒక్కతే.
వేడిని పంచుకునేటోళ్లు లేరు.
ఎర్రబడ్తది, మెత్తబడ్తది, పొట్టలెక్క ఉబ్బుతది,
ఎప్పుడు మోసే బరువే
మోయలేని నిమిషం వస్తది.
గేజి ముల్లు మాత్రం కదలదు.
నా వాల్వు సక్కగ పనిచేస్తుండంగనే
డ్రమ్ము పగులుతది.
ఇంకోటి. అది ఊదిన ప్రతి ఊపిరి
లోపలి తడిని
వేలెడు, వేలెడు కిందికి దింపుతనే ఉంటది.

కంట్రోల్ రూముల హనూఫ్ అని ఒక పిల్ల,
కొలువుకొచ్చి ఏడు నెలలు.
ఎవర్ని అడగలేదట.
అద్దం మూత లేపి ఎర్రబటన్ ఒత్తింది.
లక్షల రియాళ్ల గ్యాసు ఫ్లేరుకు వోయింది,
సముద్రం మీద మబ్బుల దాకా పొద్దు వొడిచింది.
పై నుంచి నీళ్లు దుంకినయి,
పదహారు నాజిళ్లల్ల రెండు
ఉప్పువట్టి మూసుకపోయినయి, పద్నాలుగు చాలినయి.
గుడ్డ చింపుడు సన్నబడ్డది.
టక్, అని మూసుకున్నది.
చప్పుడు బందయితే
మోకాళ్లు వణికినయి.

నాలుగో నాడు వాల్వు నా బెంచి మీదికొచ్చింది.
మసి. డిస్కు మీద వెంట్రుకంత గీత.
కాగితంల ఒక డబ్బా: లేచిందా? లేచింది.
ఇంకో డబ్బా: కారణం? మంట.
అంతకన్న జాగ లేదు.
హనూఫ్ చూడవచ్చింది,
ముట్టుకోవచ్చా అని అడిగి
ముట్టుకోకుండనే నిలబడ్డది.
"ఇంకెంతసేపు ఆగేది?"
తెల్వదన్న. నిజంగనే తెల్వదు.

సాయంత్రం క్యాంపుకు బస్సు.
నా పై మంచం రాజలింగుది.
మూడు నెలల సంది జీతం లేదు,
నెల రోజుల సంది మాట లేదు.
ఎట్లున్నవంటే మంచిగున్న అంటడు,
ఎన్నిసార్లు అడిగినా అదే అంకె.
డిస్కు గీత అరగదీసిన వేళ్లకు
ఇంక నూనె వాసన పోలేదు.
క్యాంటీన్ల రెండు సులేమానీలు తీసుకున్న.
ఒక చేత రెండు గ్లాసులు వట్టుకొని
ఇనుప నిచ్చెన ఎక్కుడు కష్టమే,
సగం చాయ్ నా మణికట్టు మీదనే పడ్డది.
"జరుగు," అన్న.
జరిగిండు.